పేరు మీద తారు

సెప్టెంబరు 4

తమ్ముడికి,

మూడు రోజులుగా పట్టిన వాన ఈ పొద్దున కాస్త తెరిపిచ్చింది. అయిదింటికే లేచి టాక్సీకి అంటిన బురద కడిగాను. ఆరింటికి పోస్టుమాస్టరుగారిని ఎక్కించుకుని కొండ అవతలి ఆసుపత్రికి వెళ్ళాను. ఆయన రిటైరై తొమ్మిదేళ్ళయినా అందరికీ పోస్టుమాస్టరుగారే. డయాలసిస్‌కి నాలుగు గంటలు పడుతుంది. ఆలోగా ఇద్దరు నర్సులను వాళ్ళ ఇళ్ళ దగ్గర దింపి, మళ్ళీ ఆయన్ని తీసుకుని ఇల్లు చేర్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. వారానికి మూడు రోజులు ఇదే పని. కొండ మీద పోను పదిహేడు మలుపులు, రాను పదిహేడు.

ఫోన్ చేద్దామనే అనుకున్నాను. చక్రాలు విప్పే గాలి గన్ను మోతకి నీ చెవులు పోయిన దగ్గర్నుంచి నీతో ఫోన్లో మాట్లాడాలంటే నేను అరవాలి. నేను అరిస్తే మన ఇంటి సంగతులు వీధి చివరి దాకా వెళ్తాయి. అందుకని కాయితం తీశాను.

కొత్త టైర్ల గురించి రెండు ముక్కలు. శనివారం నేను మీ షాపుకి వచ్చేసరికి నువ్వు ఏదో లారీ కింద ఉన్నావు, కాళ్ళు తప్ప ఏమీ కనపడలేదు. మీ ఓనరు తనే కుర్చీ తెచ్చి వేశాడు. "మావాడి అక్కంటే మాకూ అక్కే" అన్నాడు. నాకన్నా పదేళ్ళు పెద్ద అయి ఉంటాడు. పోనీలే అని ఊరుకున్నాను.

నాలుగూ కొంగ మార్కే కావాలని ముందే కబురు పెట్టాను కదా, మళ్ళీ అదే చెప్పాను. బిల్లు మీద కూడా అలాగే రాసిచ్చాడు. ఖరీదు ఎక్కువే. కానీ నాన్న ఈ బండికి కొంగ తప్ప ఇంకోటి వేయలేదు, తడి రోడ్డు మీద దాని పట్టు వేరు అనేవాడు. పోస్టుమాస్టరుగారు బండి ఎక్కగానే వెనక సీట్లో కళ్ళు మూసుకుంటారు. ఆయన అలా కళ్ళు మూసుకోవడానికి పూచీ నాది.

నేను చెప్పకముందే నాలుగు టైర్ల పేర్ల మీదా తారు పూసి ఉంది. నాన్న పద్ధతి నువ్వు మర్చిపోలేదు. మంచి టైరని తెలిస్తే దొంగ రాత్రికి రాత్రి విప్పుకుపోతాడని ఆయన కొత్త టైరు వచ్చిన రోజే పేరూ బొమ్మా కనపడకుండా తారు పూసేవాడు. ఆ బ్రష్షు కోసం మనం ఎంత కొట్టుకునేవాళ్ళమో. నువ్వు పూసింది చూస్తే నాన్న మురిసిపోయేవాడు.

మళ్ళీ చినుకులు మొదలయ్యాయి. బండి మీద పరదా కప్పాలి. ఉంటాను.

అక్క


సెప్టెంబరు 8

అక్కకి,

ఉత్తరం అందింది. ఇక్కడ వాన లేదు, ఎండ. రేకుల కింద పని. రోజుకి ముప్ఫై నలభై చక్రాలు విప్పి బిగిస్తున్నాను. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది కొంచెం మిగిలింది. నా గది కింద ఇనప రేకులు కోసే దుకాణం. ఆ మేడ మీద అద్దెకు దిగినవాళ్ళు ఎవరూ రెండు నెలలు ఉండరు. నేను మూడేళ్ళ నుంచి హాయిగా నిద్రపోతున్నాను.

ఓనరు నాకేదైనా చెప్పాలంటే భుజం తట్టి, ముఖానికి ముఖం పెట్టి చెబుతాడు. చెవులు లేనివాణ్ణి పనిలో పెట్టుకుని అంత ఓపిక పట్టేవాడు ఇంకొకడు దొరకడు.

టైర్లు కొత్తవి కదా, మొదటి వెయ్యి కిలోమీటర్లు నెమ్మదిగా నడుపు. కొత్త రబ్బరు మీద జిడ్డు ఉంటుంది. తడి మలుపుల్లో ఇంకా నెమ్మదిగా పోవాలి. కిరసనాయిలు పెట్టి తుడవకు, రబ్బరు పగులుతుంది. వారానికోసారి గాలి చూసుకో.

నాన్న మురిసిపోయేవాడని రాశావు. అలాంటివి రాయకు.

తమ్ముడు


సెప్టెంబరు 14

తమ్ముడికి,

నిన్న తొమ్మిదో మలుపులో బండి జారింది. నాకేమీ కాలేదు, పోస్టుమాస్టరుగారికీ ఏమీ కాలేదు. ముందే చెబుతున్నాను, కంగారు పడకు.

సన్నటి జల్లు. వేగం ముప్ఫై కూడా లేదు. స్టీరింగు తిప్పాను, బండి తిరగలేదు. సబ్బు మీద కాలు వేసినట్టు పక్కకి పోయింది. వెనక చక్రం కాలవలో దిగింది, ముందు లైటు బండరాయికి కొట్టుకుని పగిలింది. అవతలి వైపుకి జారి ఉంటే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు. ఆ వైపు గోడ లేదు.

పోస్టుమాస్టరుగారు కళ్ళు తెరిచి, "ఏమ్మా, వచ్చేశామా?" అన్నారు.

"లేదండీ, కాలవలో ఉన్నాం."

"అదీ సంగతి. ఆసుపత్రికి ఇంత త్వరగా ఎప్పుడూ రాలేదే అనుకున్నా."

తర్వాత దిగి, గొడుగు పట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగారు. "టైర్లు కొత్తవన్నావుగా?" అని అడిగారు. కొత్తవేనన్నాను. ఇంకేమీ అడగలేదు. ఆ అడగకపోవడం నాకు కష్టంగా ఉంది. పద్దెనిమిదేళ్ళుగా ఆ మలుపు తిప్పుతున్నాను, ఒక్కసారీ జారలేదు. నా చేతులే తప్పాయా?

ట్రాక్టరు తెచ్చి లాగించాం. ఇంటికొచ్చి చూస్తే ముందు కుడి టైరు పక్కన కోడిగుడ్డంత పొంగింది. నువ్వు చెప్పిన వెయ్యి కిలోమీటర్లు మొన్ననే దాటాయి. గాలి ఎక్కువైందా? నీకు తోచింది వెంటనే రాయి. రేపు మళ్ళీ ఆయన్ని తీసుకెళ్ళాలి.

అక్క


సెప్టెంబరు 18

అక్కకి,

ఆ పొంగిన టైరుతో నడపకు. వెంటనే తీసేసి స్టెప్నీ వేసుకో.

పొంగడం గుంతలో గట్టిగా పడితే జరుగుతుంది. వానల్లో మీ రోడ్డు ఎలా ఉంటుందో నాకు తెలుసు. నువ్వు ముప్ఫై అన్నావు, మీటరు చూసే టైము నీకెక్కడ ఉంటుంది? వయసు మీద పడుతోంది, పద్దెనిమిదేళ్ళ కిందటి చేతులు కావు. కొన్నాళ్ళు కొండ మీదికి పోవడం మానెయ్. ఆసుపత్రికి బస్సు ఉంది కదా, ఆయన బస్సులో వెళ్తాడు.

ఆదివారం షాపుకి సెలవు. బండి ఒక ఆదివారం తీసుకురా, నెమ్మదిగా, వాన లేని రోజు చూసి. నేనొక్కణ్ణే ఉండి చూస్తాను. ఓనరుతో ఏమీ అనకు. ఆయనకి చెప్పాల్సిన పని లేదు.

తమ్ముడు


సెప్టెంబరు 27

తమ్ముడికి,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. నా చేతులకి వయసొచ్చిందట. నన్ను చూస్తే నీకు సిగ్గుగా ఉంది కాబోలు, అందుకే షాపు మూసి ఉన్న రోజు దొంగలా రమ్మన్నావు అనుకున్నాను. ఆ కోపంలోనే ఆదివారం బండి కడగడం మొదలుపెట్టాను. కిరసనాయిలు వద్దన్నావు కదా, అదే తీసుకున్నాను. నువ్వు వద్దని రాయకపోతే నాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

ముందు కుడి టైరు మీద తారు తుడిచాను. కొంగ లేదు. చేప బొమ్మ ఉంది. మిగతా మూడూ తుడిచాను. చేప, చేప, చేప.

చేప మార్కు ఏమిటో నాకు తెలుసు. బండి అమ్మేసే ముందు కొనేవాణ్ణి మోసం చేయడానికి వేసే టైరు అది.

నిన్న ఆ పొంగిన టైరు రిమ్ము నుంచి విప్పించి, బస్సు మీద వేయించుకుని మీ షాపుకి వచ్చాను. కండక్టరు దానికీ టికెట్టు కొట్టాడు. పదకొండింటికి షాపు గుమ్మంలో టైరు నిలబెట్టాను.

"ఇదేంటి?" అని అడిగాను మీ ఓనర్ని.

"టైరు."

"ఏ మార్కు?"

"మీరడిగిందే."

"కొంగ ఎక్కడుంది మరి? ఎగిరిపోయి చేపని వదిలేసిందా?"

అక్కడున్న ఇద్దరు డ్రైవర్లు నవ్వారు. ఓనరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "రెండూ ఒకచోటే తయారవుతాయమ్మా. రబ్బరు రబ్బరే కదా."

"అయితే బిల్లు మీద చేప అని రాయాల్సింది."

అప్పుడు వాడి గొంతు మారింది. "చూడమ్మా, ఇక్కణ్ణుంచి వెళ్ళాక దారిలో ఎక్కడ మార్చుకున్నావో నాకేం తెలుసు? తారు పూసింది నేను కాదు. మీ తమ్ముడు. పూసేముందు బొమ్మ చూశాడో లేదో పోయి వాణ్ణే అడుగు."

"పిలవండి, అడుగుతాను."

"సామాను తేవడానికి పోయాడు."

నీ టోపీ మేకుకి వేలాడుతోంది. నువ్వు టోపీ లేకుండా ఎండలోకి పోవు. నాకది తెలుసు.

గోడ మీద, కిందటిసారి నేను గమనించని ఒక బోర్డు చూశాను: 'కొత్త టైర్లకు ఉచితంగా తారు పూయబడును, ఇక దొంగల భయం లేదు.' అది మన ఇంటి పద్ధతి. వాడికెలా తెలిసింది?

వచ్చేటప్పుడు ఎవరూ నన్ను పలకరించలేదు. చక్రాల బ్యాలెన్సింగ్ మిషను దగ్గరుండే తెల్లగడ్డం పెద్దాయన ఒక్కడే మిషను ఆపి, టైరు ఎత్తుకుని బస్సు దాకా తెచ్చిపెట్టాడు.

ఒకటే అడుగుతున్నాను. ఇందులో నీ వాటా ఎంత?

అక్క


అక్టోబరు 1

అక్కకి,

వాటా లేదు. ఒక్క పైసా తీసుకోలేదు. నమ్మితే నమ్ము.

తక్కినదంతా నిజం. నీ టైర్లు గోడౌన్లోంచి తెచ్చింది నేను. చేప బొమ్మ చూశాను. ఓనరు దగ్గరికి వెళ్ళి, మా అక్క కొంగ అడిగింది అన్నాను. ఆయన నా భుజం తట్టి, "ఎలాగూ తారు పూస్తావు కదరా. కింద కొంగ ఉంటే ఏం, చేప ఉంటే ఏం?" అన్నాడు. బ్రష్షు తీసుకుని పూశాను. ఆ రోజు నువ్వు రావడం చూసి లారీ కిందికి దూరాను. ఆ లారీకి పనేమీ లేదు.

బోర్డు సంగతి అడిగావు. మన నాన్న తారు కథ ఒకసారి భోజనాల దగ్గర నేనే చెప్పాను, అందరూ నవ్వుతారని. ఓనరు నవ్వలేదు. వారం తిరక్కుండా బోర్డు పెట్టాడు. అప్పట్నుంచి వచ్చిన బండ్లకల్లా తారు పూసేది నేనే. కొన్నింటికి కింద కొంగ, కొన్నింటికి చేప. అందరిలాగే నీకూ పూశాను.

మంగళవారం నువ్వొచ్చినప్పుడు టైర్ల దొంతర వెనక ఉన్నాను. నీ మాట వినపడలేదు. నీ పెదాలు కనపడ్డాయి. కొంగ అన్నావు, బిల్లు అన్నావు, పిలవండి అన్నావు.

ఇంకో షాపులో నన్ను ఎవరూ పెట్టుకోరక్కా. నాలుగు చోట్ల అడిగాను నీకు తెలియకుండా. వెనక నుంచి పిలిస్తే పలకనివాడు, జాకీ మీద బండి కింద ఉంటే ప్రమాదం అన్నారు. నిజమే కదా.

నేనొకటి అనుకున్నాను. నా జీతంలోంచి కొంచెం కొంచెంగా కట్టి నాలుగు కొంగ టైర్లు తీసుకుంటాను. బస్సు మీద పంపిస్తాను. నువ్వు ఇంక షాపుకి రాకు. సంగతి ఇక్కడితో పోతుంది.

నిన్ను వయసు మాట అన్నందుకు తప్పయింది. నీ చేతుల్లో ఏ లోపమూ లేదు. ఆ చేప టైరు మీద ఎవరు తిప్పినా జారుతుంది.

తమ్ముడు


అక్టోబరు 5

తమ్ముడికి,

నువ్వు జీతం కోసి కొన్న టైర్లు పంపితే వచ్చిన బస్సులోనే తిరిగి పంపిస్తాను. తప్పు చేసింది వాడు, కట్టేది నువ్వా? అంత ధర్మం నాకు అక్కర్లేదు.

బండి ఇటుకల మీద ఉంది. నాలుగు చక్రాలూ విప్పేశాను. ఇప్పుడు పోస్టుమాస్టరుగారిని నేనే బస్సులో తీసుకెళ్తున్నాను. ఇంకో బండి మాట్లాడుకోండి అంటే, "ఇంకొకడు కాలవలో దించితే నాకు నచ్చదు" అంటారు. సోమవారం వచ్చేటప్పుడు సీటు దొరక్క కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. సూదులు గుచ్చిన చెయ్యి అది. ఒకావిడ లేచి చోటిచ్చేదాకా నేను బస్సులో అందర్నీ తిడుతూనే ఉన్నాను. అయినా ఆయన మా ఇంటికొచ్చి మీ ఓనరుకి ఒక ఫిర్యాదు రాసిచ్చారు. మూడు పేజీలు. అది చదివితే నాకే సగం అర్థం కాలేదు, మీ ఓనరుకేం అర్థమవుతుంది? ఆయన మనసు నొచ్చుకోకుండా పెట్టెలో దాచాను.

ఇంతకన్నా నన్ను పట్టి ఊపేది ఇంకోటి ఉంది. నీ ఉత్తరంలో ఒక ముక్క నువ్వు ఊరికే రాసేశావు: కొన్నింటికి కొంగ, కొన్నింటికి చేప. ఆ కొన్ని ఎవరివి? నాకు తొమ్మిదో మలుపులో కాలవ అడ్డుపడింది. వాళ్ళకేం అడ్డుపడుతుంది? నువ్వు నాకు చెప్పినట్టు వాళ్ళకి నెమ్మదిగా నడపమనైనా ఎవరు చెప్పారు?

నేను 14వ తేదీ శనివారం వస్తున్నాను. పాల వ్యాను ఆయన తిరుగు ట్రిప్పులో నన్నూ నాలుగు టైర్లనూ ఎక్కించుకుంటానన్నాడు. పన్నెండింటికి, మీ షాపు కిటకిటలాడే వేళకి వస్తాను. టైర్లు గుమ్మం ముందు పరుస్తాను, చేపలు పైకి కనపడేటట్టు. వాటి మీద కూర్చుంటాను. ఎవరడిగినా జరిగింది చెబుతాను. నేనడిగిన టైర్లు నా ముందుకొచ్చేదాకా లేవను.

నువ్వు చేయాల్సింది ఒక్కటే. ఓనరు 'వాణ్ణే అడుగు' అన్నాడు కదా. అడుగుతాను. బయటికొచ్చి, ఏ టైరు తెచ్చావో, ఎవరు పూయమన్నారో చెప్పు. నీ పని పోతుందని నాకు తెలుసు. తెలియక అడగడం లేదు.

లారీ కింద మాత్రం దూరకు. కాళ్ళు పట్టుకుని లాగుతాను, నలుగురూ చూస్తారని కూడా చూడను.

అక్క


అక్టోబరు 14, శనివారం సాయంత్రం

తమ్ముడికి,

ఇప్పుడే ఇల్లు చేరాను. నాలుగు కొంగ టైర్లు వసారాలో ఉన్నాయి. తారు లేదు. ఒక్కొక్కటి తిప్పి, రెండు వైపులా చూసుకునే వ్యానులో వేయించాను.

ఓనరు మొదట పోలీసులన్నాడు. పిలవమన్నాను, కాస్త జరిగి వాళ్ళకీ ఒక టైరు మీద చోటిస్తానన్నాను. తర్వాత గౌరవం కోసమైనా లోపలికి వచ్చి కూర్చోమన్నాడు. నా గౌరవం టైర్ల మీదే ఉందన్నాను. ఎదురు టాక్సీ స్టాండు వాళ్ళు రోడ్డు దాటి వచ్చి నిలబడ్డారు. ఒంటిగంటకి వాడికి ఓపిక అయిపోయింది. "ఈవిడ గొడవ పడలేకపోతున్నా, ఇచ్చి పంపండి" అన్నాడు. తప్పు అని మాత్రం అనలేదు. పాల వ్యాను ఆయన ఇంక ఆగలేనంటే ఎక్కేశాను.

నిన్ను మూడుసార్లు పిలిచాను. వినపడదని తెలుసు. చూస్తావని పిలిచాను. నువ్వు రాలేదు.

నాకు కావలసిన టైర్లు నేను తెచ్చుకున్నాను. సోమవారం నుంచి కొండ ఎక్కుతాను. ఇక ఆ షాపు గురించి, అక్కడ నీ పని గురించి నాకు రాయకు. ఆరోగ్యం సంగతులు రాస్తే చదువుతాను.

అక్క


అక్టోబరు 15

అక్కకి,

నువ్వు ఏమని రాసి ఉంటావో ఊహించగలను. అది అందకముందే ఇది రాస్తున్నాను.

నువ్వు ఉన్నంతసేపూ గోడౌన్లో ఉన్నాను. ఎవరూ నన్ను ఆపలేదు. తలుపు తీసే ఉంది. నేనే రాలేదు. నువ్వు మూడుసార్లు పిలవడం చూశాను.

నువ్వు వెళ్ళిన పావుగంటకి స్టాండులో టాక్సీ ఆయన ఒకడు లోపలికి వచ్చాడు. భార్యనీ ఇద్దరు పిల్లల్నీ బండిలో పెట్టుకుని ఎక్కడికో బయలుదేరినవాడు. "నా బండికి ఏం వేశారు?" అని అడిగాడు. ఓనరు కొంగ అన్నాడు. "తారు తుడిచి చూపించు" అన్నాడు ఆయన. ఓనరు నా దగ్గరికి వచ్చి భుజం తట్టి, ముఖానికి ముఖం పెట్టి, "చెప్పరా, కొంగే వేశామని చెప్పు" అన్నాడు.

నేను కిరసనాయిలు డబ్బా, గుడ్డ తీసుకుని రోడ్డు దాటాను.

ఆయన బండికి నాలుగూ చేపలే. పిల్లలు కిటికీలోంచి చూస్తున్నారు. ఆయన నా చొక్కా పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాను. వదిలాక పక్క బండి దగ్గర కూర్చున్నాను. స్టాండులో ఉన్నవి మొత్తం ఏడు బండ్లు. అయిదింటికి చేప, రెండింటికి కొంగ. ఒక్కొక్కరికీ అదే మాట చెప్పాను: టైరు తెచ్చింది నేను, పూసింది నేను, చూసే పూశాను, పూయమన్నది ఆయన. కొంగ ఉన్నవాళ్ళు కూడా నాకు మర్యాద ఇవ్వలేదు. ఇవ్వాల్సిన పని లేదు.

మూడో బండి దగ్గరున్నప్పుడు ఓనరు వచ్చి భుజం తట్టాడు. నేను ముఖం తిప్పుకున్నాను. ముఖం తిప్పుకుంటే నాకు ఏమీ వినపడదు. ఆయన చాలాసేపు మాట్లాడినట్టున్నాడు. డ్రైవర్లు వింటూ నిలబడ్డారు. ఏడో బండి అయ్యాక చేతులు కడుక్కుని, టోపీ తీసుకున్నాను.

పని ఎక్కడ దొరుకుతుందో తెలియదు. చెవుల గురించి ముందే చెప్పి అడుగుతాను. గది అద్దె ఈ నెలకి కట్టేశాను. నువ్వేమీ పంపకు. పంపితే వచ్చిన బస్సులోనే తిరిగొస్తుంది.

సోమవారం కొండ ఎక్కేముందు చక్రాల నట్లు ఇంకోసారి బిగించుకో. కొత్తగా వేసిన చక్రం వంద కిలోమీటర్లు పోయాక కాస్త వదులవుతుంది. అప్పుడు మళ్ళీ బిగించు.

నేను శనివారం మధ్యాహ్నం రెండున్నరకి షాపు నుంచి వెళ్ళిపోయాను. బ్యాలెన్సింగ్ మిషను దగ్గరి పెద్దాయన కూడా పని మానేసి మూడింటికి వెళ్ళిపోయాడట.

తమ్ముడు